ముందు చదవగలగాలి, అందం తర్వాత

తమ్ముడూ,

నువ్వు పంపిన లోగో, ప్యాకెట్ డిజైన్ రెండూ చూశాను. రంగుల్లో నీ చెయ్యి బాగా తిరిగింది. కానీ ఒక మాట సూటిగా చెప్తాను, నొచ్చుకోకు. ఆ పేరేంటో తెలియడానికి నేను రెండోసారి చూడాల్సి వచ్చింది. కొనేవాళ్లకి అంత ఓపిక ఉండదు.

డిజైన్ చేస్తున్నప్పుడు పేరు మన మానిటర్ మీద జానెడు ఎత్తున ఉంటుంది, పైగా అదేంటో మనకి ముందే తెలుసు కాబట్టి ఎలా రాసినా చదివేస్తాం. అందుకే ఈ విషయంలో మన కళ్లని నమ్మకూడదు. నేనైతే లోగోని 16 పిక్సెళ్ల ఎత్తుకి తగ్గించి ఫోన్‌లో చూస్తాను, మామూలు ప్రింటర్ మీద నలుపు తెలుపులో ప్రింట్ తీసి గోడకి అంటిస్తాను, ఆ పేరు ఎప్పుడూ వినని మనిషిని పిలిచి గదికి ఆ చివర నిలబెట్టి పైకి చదవమంటాను. తడుముకుంటే వాదించను, అక్షరమే మారుస్తాను.

ఒకసారి తొందరలో ఈ పని చెయ్యలేదు. బాగా లావుపాటి అక్షరాలతో ఫైల్ ఇచ్చేశాను, సీసా మూత మీద అచ్చయ్యేసరికి ఇంకు పాకి అక్షరాల లోపలి ఖాళీలన్నీ పూడిపోయాయి. లాట్ మొత్తం మళ్లీ వేయాల్సి వచ్చింది, ఆ తప్పు పూర్తిగా నాదే. ఇది పాత సమస్యే. 1970లలో అమెరికా టెలిఫోన్ డైరెక్టరీల కోసం మాథ్యూ కార్టర్ బెల్ సెంటెన్నియల్ అనే ఫాంట్ గీసినప్పుడు, గీతలు కలిసే మూలల్లో కావాలనే చిన్న గంట్లు పెట్టాడు. చవక కాగితం మీద ఇంకు పాకి ఆ గంట్లు నిండేవి, అక్షరం సరైన ఆకారంలో కనిపించేది. ఎంత చక్కటి ఆలోచనో చూడు! ఎక్కడ అచ్చవుతుందో తెలుసుకుని గీయడం అంటే అదీ.

నీ లోగోలో ఇంకో ఇబ్బంది, అక్షరాల్ని మరీ దగ్గరగా ఇరికించావు. ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో (స్మాల్ లెటర్స్) ఆర్, ఎన్ అతుక్కుంటే ఎమ్ అయిపోతుంది. పెద్ద ఐ, చిన్న ఎల్, ఒకటి అంకె చాలా ఫాంట్లలో ఒకేలా ఉంటాయి, కాబట్టి ఫాంట్ ఎంచుకునే ముందు ఈ మూడింటినీ పక్కపక్కన టైప్ చేసి చూడు. తెలుగులో ద, ధ, థ కూడా అంతే, సైజు తగ్గితే లోపలి చుక్క, కింది ఒత్తు మాయమవుతాయి.

ప్యాకెట్ వెనక తెలుగు వాక్యాలకి ఇంగ్లీషుకి పెట్టిన లైన్ గ్యాపే పెట్టేశావు. మనకి కింద ఒత్తులు, పైన గుడులు ఉంటాయి కదా, పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడికి తగులుతోంది. గ్యాప్ పెంచు, చోటు చాలకపోతే మాటలు తగ్గించు, సైజు మాత్రం తగ్గించకు.

తెలుపు మీద ఆ లేత బూడిద రంగు అక్షరాలు తీసెయ్. వెబ్ కోసం ఉన్న డబ్ల్యూసీఏజీ ప్రమాణం మామూలు సైజు అక్షరాలకి కనీసం 4.5:1 కాంట్రాస్ట్, అంటే అక్షరానికీ వెనక రంగుకీ మధ్య వెలుగులో తేడా, ఉండాలంటుంది, ప్యాకెట్‌కి కూడా నేను అదే కొలత పెట్టుకుంటాను. ఇక ప్యాకెట్ మొత్తానికి ఫాంట్లు రెండు చాలు.

మార్చాక స్క్రీన్‌షాట్ వద్దు, అసలు సైజులో ప్రింట్ తీసి ఫోటో పంపు. ముందు మీ ఇంట్లో పెద్దవాళ్ల చేత కళ్లజోడు లేకుండా చదివించు, వాళ్లు ఎక్కడ ఆగారో రాసి పెట్టు.

అన్నయ్య