సామ్ హ్యూస్టన్‌ను టెక్సస్ గవర్నర్ పదవి నుంచి ఎవరు, ఎందుకు దించారు?

అమెరికా నుంచి టెక్సస్ విడిపోవాలని తీర్మానించిన వేర్పాటు సభ దించింది, 1861 మార్చి 16న. అమెరికా నుంచి విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల సమాఖ్యకు (కాన్ఫెడరసీ) విధేయత ప్రమాణం చేయడానికి హ్యూస్టన్ ఒప్పుకోకపోవడమే కారణం. సభ పదవి ఖాళీ అయిందని ప్రకటించి, లెఫ్టినెంట్ గవర్నర్ ఎడ్వర్డ్ క్లార్క్‌ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది. ఇది అభిశంసన కాదు, ఎన్నికల ఓటమీ కాదు. అమెరికాలో రాష్ట్ర గవర్నర్‌ను ప్రజలే ఎన్నుకుంటారు, మన దగ్గరలా రాష్ట్రపతి నియమించరు. హ్యూస్టన్ టెక్సస్ గవర్నర్ ఎన్నికల్లో 1857లో హార్డిన్ రన్నెల్స్ చేతిలో ఓడి, 1859లో అదే రన్నెల్స్‌ను ఓడించి గెలిచాడు. అంతకుముందు 1827 నుంచి 1829 దాకా టెనెసీ గవర్నర్. రెండు వేర్వేరు రాష్ట్రాల ప్రజలు గవర్నర్‌గా ఎన్నుకున్నది ఒక్క ఆయన్నే.

వేర్పాటుపై ఆయన వ్యతిరేకత అప్పటికప్పుడు పుట్టింది కాదు. ఉదాహరణకు, బానిసత్వాన్ని కొత్త ప్రాంతాలకు విస్తరించే దారి తెరిచిన కాన్సస్-నెబ్రాస్కా బిల్లుకు 1854లో సెనేటర్‌గా వ్యతిరేకంగా ఓటేశాడు. దక్షిణాది డెమోక్రాట్‌కు అది రాజకీయంగా చేటు తెచ్చే పని, తెచ్చింది కూడా.

అలాగని ఆయన్ను బానిసత్వ వ్యతిరేకిగా లెక్కగట్టడం పొరపాటు. ఆయనకూ బానిసలుండేవారు. ఆయన పట్టుదలంతా దేశం చీలకూడదనే. పదవి నిలబెట్టుకోవడానికి అమెరికా అధ్యక్షుడు లింకన్ సైనిక సాయం పంపుతానన్నా, టెక్సస్‌లో రక్తపాతం వద్దని తిరస్కరించాడు. 1863 జూలై 26న హంట్స్‌విల్‌లో చనిపోయాడు. అప్పటికి అంతర్యుద్ధం ఇంకా ముగియలేదు.