పాత ఫిల్మ్ కాలం ఫ్లాష్ గన్ డిజిటల్ కెమెరాకి పెట్టొచ్చా? కెమెరా కాలిపోతుందా?

రాజోలు నుంచి వచ్చిన ప్రశ్న క్లుప్తంగా ఇది. తాతగారి స్టూడియో సామాన్లలో వివిటార్ 283 అనే ఫ్లాష్ ఒకటి, పేరు చెరిగిపోయిన చిన్న ఫ్లాష్ ఒకటి దొరికాయి. ఇంట్లో కెనాన్ 1500డి, పాత నికాన్ డీఎస్ఎల్ఆర్ ఉన్నాయి. పాత ఫ్లాష్ పెడితే కెమెరా కాలిపోతుందని ఎవరో భయపెట్టారు. మాఘంలో చెల్లెలి పెళ్ళి. వాడుకోవచ్చా?

నికాన్ మీద వాడుకోవచ్చండి, ముందు ఒక కొలత తీసుకోవాలి. 1500డి సంగతి వేరు, దాని మీద అది వెలగనే వెలగదు.

కెమెరా పైన ఫ్లాష్ జారే గాడిని హాట్ షూ అంటాం కదా, దాని మధ్యలో చూడండి. మామూలుగా ఒక పెద్ద గుండ్రటి లోహపు చుక్క ఉంటుంది. ఫ్లాష్‌కి "ఇప్పుడు వెలుగు" అని చెప్పేది అదే. మన ఊళ్ళలో అందరి చేతుల్లో ఉన్న 1500డి, 3000డి, 200డి మార్క్ 2 మోడళ్ళలో కెనాన్ ఆ చుక్క తీసేసింది. చుట్టూ ఉన్న చిన్న చుక్కలతో కెనాన్ భాష తెలిసిన కొత్త ఫ్లాష్‌లు, ట్రిగ్గర్లు మాత్రమే పనిచేస్తాయి. మీ కెమెరాకి చుక్క లేకపోతే పాత ఫ్లాష్ పాడైందని మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళకండి. అందులో లోపం లేదు.

ఇక కాలిపోవడం గురించి. అది ఉత్త పుకారు కాదు. ఫిల్మ్ కెమెరాల్లో ఫ్లాష్‌ని వెలిగించేది రెండు లోహపు రేకులు తగులుకునే మామూలు స్విచ్. ఆ రేకుల మీద రెండు మూడొందల వోల్టులు వచ్చినా వాటికి పట్టేది కాదు. అందుకే పాత ఫ్లాష్‌లు తయారుచేసినవాళ్ళు లోపలి వోల్టేజీని దాదాపు నేరుగా షూ దాకా తెచ్చేశారు. డిజిటల్ కెమెరాల్లో ఆ పనిచేసేది చిన్న ఎలక్ట్రానిక్ స్విచ్. ఎక్కువ వోల్టేజీ తగిలితే అది పోతుంది. ఒక్కోసారి మొదటిరోజే పోదు, నెమ్మదిగా చెడుతుంది. "నేను చాన్నాళ్ళుగా వాడుతున్నాను, ఏం కాలేదు" అనే మాటని నేను లెక్కలోకి తీసుకోనిది అందుకే.

నికాన్ మాన్యువళ్ళలో హద్దు స్పష్టంగా రాసి ఉంటుంది: షూ మీద 250 వోల్టులు దాటకూడదు, నెగటివ్ వోల్టేజీ అసలు రాకూడదు. ఐఎస్ఓ 10330 అనే ప్రమాణం అయితే 24 వోల్టుల దగ్గరే గీత గీసింది. నేను పాటించేది ఆ 24నే. కెమెరా 250 తట్టుకుంటుందని రాసి ఉన్నా సరే, అంత వోల్టేజీ ఉన్న ఫ్లాష్‌ని కెమెరా నెత్తిన పెట్టను.

283 అంటే ఎంత ఉంటుందని అడిగితే పేరు చూసి చెప్పలేం. ఆ మోడల్ చాలా ఏళ్ళపాటు వేర్వేరు దేశాల్లో తయారైంది. జపాన్‌లో చేసిన పాతవాటిలో ఎక్కువ వోల్టేజీ ఉంటుందని, తర్వాతి వాటిలో తక్కువని అంటారు. అది చాలావరకు నిజమే. అయినా మా బాబాయి పాలకొల్లు స్టూడియోలో నేను కొలిచినప్పుడు ఒకటి పదిలోపు చూపించింది, పైకి అచ్చం దానిలాగే ఉన్న ఇంకోటి రెండొందలు దాటింది. దీని తర్వాతి మోడల్ 285హెచ్‌వీ చూసి "హెచ్‌వీ ఉంది, హై వోల్టేజీ" అని పక్కన పడేసేవాళ్ళున్నారు. ఆ హెచ్‌వీ బయటి బ్యాటరీ ప్యాక్ తగిలించే సౌకర్యానికి సంబంధించింది, షూ వోల్టేజీకి కాదు.

కొలవడం తేలికే. డిజిటల్ మల్టీమీటర్ కావాలి. మీ దగ్గర లేకపోతే చెరువుల మీద ఏరియేటర్లు బాగుచేసే ఎలక్ట్రీషియన్ ఎవరి దగ్గరైనా ఉంటుంది. కోనసీమలో వాళ్ళకి కొదవా! ముల్లు తిరిగే పాత మీటరు వద్దు. అది ఫ్లాష్ నుంచి కరెంటు లాగేసి అసలు కంటే తక్కువ చూపిస్తుంది. ఫ్లాష్‌లో కొత్త సెల్లు వేసి, రెడీ లైటు వెలిగాక ఇంకాస్త ఆగండి. మీటర్ని డీసీలో పెద్ద రేంజిలో పెట్టి, ఎర్ర తీగ ఫ్లాష్ కాలి (షూలోకి జారే అడుగు భాగం) కింద మధ్య చుక్కకి, నల్ల తీగ కాలి అంచున ఉన్న లోహపు పట్టీకి ఆనించండి. వేళ్ళు తగలనివ్వకండి. అంకె ముందు మైనస్ గుర్తు వస్తే, తీగలు సరిగ్గానే పెట్టారని మళ్ళీ చూసుకుని, ఆ ఫ్లాష్‌ని కెమెరాకి దూరంగా ఉంచండి.

ఎక్కువ వోల్టేజీ వచ్చినంత మాత్రాన పారేయక్కర్లేదు. ఫ్లాష్‌ని దూరం నుంచి తీగ లేకుండా వెలిగించే చవక రేడియో ట్రిగ్గర్ల జత కొంటే కెమెరా మీద ఉండేది ట్రాన్స్‌మిటర్ మాత్రమే, ఫ్లాష్ వోల్టేజీ కెమెరా దాకా రానే రాదు. రిసీవర్ ఎంత తట్టుకుంటుందో మాత్రం దాని కాగితంలో చూసుకోండి, పోతే అది పోతుంది. వెయిన్ సేఫ్ సింక్ అని షూలో పెట్టుకునే చిన్న ముక్క కూడా ఉంది, వోల్టేజీని తగ్గించడమే దాని పని. నా ఓటు ట్రిగ్గర్‌కే. ఎలాగూ ఫ్లాష్‌ని కెమెరా మీంచి దించితేనే ఫోటో బాగుంటుంది.

ఆగండి, కొలవడానికి ముందే ఒక పని ఉంది. ఏళ్ళ తరబడి పడుకున్న ఫ్లాష్‌లో సెల్లు వేసి వెంటనే ఫుల్ పవర్లో కొట్టకూడదు. లోపలి పెద్ద కెపాసిటర్‌లో ఒక పల్చటి ఆక్సైడ్ పొర ఉంటుంది, వాడకపోతే అది పలచబడిపోతుంది. సెల్లు వేసి ఆన్ చేసి, రెడీ లైటు వచ్చేదాకా వదిలేయండి. మొదటిసారి చాలాసేపు పట్టొచ్చు. వచ్చాక కొట్టకుండా కాసేపు అలాగే ఉంచి ఆఫ్ చేయండి. ఇలా కొన్నిసార్లు చేశాక, షూ మీద పెట్టకుండానే వెనకున్న టెస్ట్ బటన్‌తో కొట్టి చూడండి. క్రమంగా ఛార్జింగ్ సమయం తగ్గుతుంటే కెపాసిటర్ కోలుకుంటోందన్నమాట. ఫ్లాష్ ఒళ్ళు వేడెక్కినా, వాసన వచ్చినా, లైటు ఎప్పటికీ రాకపోయినా ఇక దాన్ని వదిలేయండి. ఏం చేసినా మూత మాత్రం విప్పకండి. సెల్లు తీసేశాక కూడా లోపల మూడొందల వోల్టులు చాలాకాలం నిలవ ఉంటాయి, ఆ షాక్ ప్రాణం మీదకి తెస్తుంది.

సెల్లు ఉండే గదిలో తెల్లటి పొడి కనిపిస్తే అది ఆల్కలైన్ సెల్లు కారిన మరక. దూదిని వెనిగర్‌లోనో నిమ్మరసంలోనో కొద్దిగా ముంచి తుడిచి, తర్వాత స్పిరిట్‌తో తుడిచి ఆరబెట్టండి. కాలి మీద పచ్చటి కిలుము పడితే పిల్లల పెన్సిల్ రబ్బరుతో రుద్దితే చాలు. "ఫైర్ అవ్వట్లేదు" అని నా దగ్గరికి తెచ్చేవాటిలో చాలావాటి రోగం ఈ కిలుమే. గోదావరి గాలి, అందులోనూ అంతర్వేది, నర్సాపురం వైపు ఉప్పుగాలి, లోహాన్ని ఊరికే ఉండనివ్వదు.

ఇప్పుడు ఫోటో తీసే విషయం. టీటీఎల్, అంటే లెన్స్‌లోంచి వచ్చే వెలుతురుని కెమెరానే కొలిచి ఫ్లాష్‌ని సర్దే పద్ధతి, దాని ఆశ వదిలేయండి. ఫిల్మ్ రోజుల్లో టీటీఎల్ అంటే రీలు మీద పడి వెనక్కి వచ్చే వెలుతురుని కెమెరా కొలిచేది. డిజిటల్ సెన్సార్ ఫిల్మ్‌లా వెలుతురుని వెనక్కి పంపదు. అందుకే కొత్త పద్ధతిలో అసలు ఫ్లాష్‌కి ముందు చిన్న మెరుపు ఒకటి కొట్టి కొలుస్తారు. కెనాన్ ఈ-టీటీఎల్ 1995లోనే వచ్చింది, నికాన్ ఐ-టీటీఎల్ 2003లో. అంతకుముందు ఫ్లాష్‌లకి ఈ భాష రాదు.

కానీ 283కి సొంత కన్ను ఉంది. ముందువైపు గుండ్రటి సెన్సార్, దాని చుట్టూ తిప్పే రంగు చుక్కలు చూడండి. ఒక్కో రంగుకి ఒక్కో అపర్చర్, అంటే లెన్స్ రంధ్రం ఎంత తెరవాలో చెప్పే ఎఫ్ అంకె. ఫ్లాష్ డయల్ మీద ఏఎస్ఏ (వెలుతురుకి ఎంత చురుగ్గా స్పందించాలో చెప్పే ఐఎస్ఓకి పాత పేరు) ఎంత పెట్టారో కెమెరాలో ఐఎస్ఓ అంతే పెట్టి, ఎంచుకున్న రంగు చెప్పిన అపర్చర్ కెమెరాలో పెడితే సరి. ఎదురుగా ఉన్న మనిషి మీంచి తగినంత వెలుతురు తిరిగి రాగానే, చెంబు నిండగానే కుళాయి కట్టేసినట్టు, కన్ను ఫ్లాష్‌ని ఆపేస్తుంది. మిగిలిన ఛార్జి లోపలే ఉంటుంది కాబట్టి దగ్గర ఫోటోలకి వెంటవెంటనే రెడీ అవుతుంది. దీనికీ కెమెరాకీ మధ్య మాటామంతీ అక్కర్లేదు. తలంబ్రాలప్పుడు నేను కొత్త టీటీఎల్ ఫ్లాష్ కంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను. ముందు మెరుపు ఉండదు కాబట్టి పెద్దవాళ్ళు కళ్ళు మూసేయరు.

ఆ కన్నుకి తెలివి మాత్రం లేదు. తెల్ల పంచెలు కట్టిన మగపెళ్ళివారంతా వరసగా నిలబడితే వెలుతురు ఎక్కువైందనుకుని ముందే ఆపేస్తుంది, ఫోటో చీకటిగా వస్తుంది. అపర్చర్ ఒక స్టాప్, అంటే వెలుతురు రెట్టింపయ్యేంత, తెరవండి. రాత్రి పొలం గట్టు పక్కన వెనకంతా చీకటిగా ఉంటే దీనికి తలకిందులు, ముఖాలు పాలిపోతాయి. అక్కడ ఒక స్టాప్ మూయండి.

కెమెరా ఎం (మాన్యువల్) మోడ్‌లో ఉండాలి, ఆటో ఐఎస్ఓ ఆఫ్‌లో ఉండాలి. నెత్తిన ఫ్లాష్ ఉందని కెమెరాకి తెలియదు కదా, చీకటి చూసి ఐఎస్ఓ పెంచేసుకుంటుంది. షట్టర్ 1/200 దాటనివ్వకండి, దాటితే ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ పడుతుంది. పందిట్లో అయితే 1/60కి తగ్గించండి, వెనకున్న సీరియల్ సెట్ల వెలుగు కూడా ఫోటోలోకి వస్తుంది. మిర్రర్‌లెస్ వాడేవాళ్ళు సైలెంట్ షట్టర్ ఆపేయాలి, లేకపోతే చాలా కెమెరాల్లో ఫ్లాష్ వెలగదు.

కన్ను వద్దనుకుంటే ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబర్ ఉంది. 283కి ఐఎస్ఓ 100 దగ్గర అది అడుగుల్లో 120, మీటర్లలో 36. దాన్ని దూరంతో భాగిస్తే అపర్చర్. బాబాయి పందిట్లో నిలబడి "పదిహేనడుగులు, ఎనిమిదిలో కొట్టరా" అనేవాడు. "వెలుతురు కొలిచే మీటరు లేకుండా ఎలా చెప్తావు బాబాయ్?" అంటే "ఎక్కం రాదేంట్రా నీకు?" అని నవ్వేవాడు. ఆయనకి లేనిది, మనకున్నది ఐఎస్ఓ. ఐఎస్ఓ నాలుగింతలైతే గైడ్ నంబర్ రెట్టింపు. ఐఎస్ఓ 400లో ఆ 120 కాస్తా 240 అవుతుంది. అంటే ఫ్లాష్ సగం కూడా కష్టపడక్కర్లేదు. పాత ఫ్లాష్‌కి డిజిటల్ కెమెరా చేసిన మేలు ఇదే. అయితే 283లో మాన్యువల్ పెడితే ఫుల్ పవరే. తగ్గించాలంటే సెన్సార్ తీసి ఆ స్థానంలో పెట్టే వీపీ-1 అనే ముక్క కావాలి. 285లో అయితే సగం, పావు, పదహారో వంతు అందులోనే ఉన్నాయి.

పగటి ఎండలోనూ ఇది పనికొస్తుంది. కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో నెత్తి మీద ఎండ, ప్రభ మోసేవాళ్ళ కళ్ళ కింద నల్లటి నీడలు. ఐఎస్ఓ 100, 1/200, ఎఫ్/11 ఎండకి సరిపోతుంది. 36ని 11తో భాగిస్తే మూడు మీటర్ల పైచిలుకు. అంత దగ్గరగా ఉన్న ముఖాలకి ఫ్లాష్ అందుతుంది. కౌశిక నీళ్ళు దాటుతున్న ప్రభని గట్టు మీంచి తీస్తూ ఫ్లాష్ కొట్టేవాళ్ళని చూస్తే మాత్రం సెల్లు వృథా అనిపిస్తుంది.

పెళ్ళిలో ఫ్లాష్ తల పైకెత్తి కొట్టడం తెల్లటి సీలింగ్ ఉన్న కళ్యాణ మండపంలోనే. కొబ్బరాకు పందిరి వెలుతురంతా తాగేస్తుంది, గులాబీ రంగు షామియానా కింద పెళ్ళికూతురి ముఖం కూడా గులాబీ అవుతుంది. అలాంటిచోట తల పైకెత్తి, దాని వెనక ఒక శుభలేఖని తెల్లవైపు ముందుకి ఉండేలా రబ్బరు బ్యాండుతో కట్టండి. దానికని డబ్బులు పోసి ఏమీ కొనక్కర్లేదు.

మీ రెండో ఫ్లాష్, ఆ పేరు లేనిది, వోల్టేజీ ఎంతున్నా దానికి ఆప్టికల్ స్లేవ్ (ఇంకో ఫ్లాష్ వెలుగు చూసి దీన్ని వెలిగించే చిన్న ముక్క) తగిలించి పందిరి వెనక రాటకి కట్టండి. నికాన్ మీది 283 వెలగగానే అదీ వెలుగుతుంది, జంట జుట్టు అంచున చక్కటి వెలుగు గీత వస్తుంది. 1500డి పాప్‌అప్ ఫ్లాష్‌తో దీన్ని వెలిగించాలంటే చిక్కు. దాని ముందు మెరుపుకే ఇది పేలిపోయి, అసలు ఫోటోకి ఖాళీగా ఉంటుంది. నక్షత్రం గుర్తున్న బటన్ నొక్కితే ముందు మెరుపు అప్పుడే అయిపోతుంది, గన్ మళ్ళీ రెడీ అయ్యాక క్లిక్ చేయొచ్చు. కదలకుండా కూర్చున్న తాతగారి ఫోటోకి సరే, తలంబ్రాలకి కాదు.

పెళ్ళికి వేరే ఫోటోగ్రాఫర్‌ని కూడా మాట్లాడుకుని ఉంటే ఈ ఆప్టికల్ స్లేవ్ ఆలోచన మానేయండి. వాళ్ళ ఫ్లాష్ వెలిగినప్పుడల్లా మీదీ వెలిగి, ముహూర్తం వేళకి సెల్లు అయిపోతాయి, వాళ్ళ ఫోటోలూ పాడవుతాయి. రేడియో ట్రిగ్గర్ పెట్టి, వాళ్ళు ఏ ఛానల్ వాడుతున్నారో ముందే అడిగి వేరేది ఎంచుకోండి.