చిన్న టెలిస్కోపుతో ఆకాశ సర్వే: డేటాను ఎలా ప్రాసెస్ చేయాలి, ఎలా దాచాలి?

ప్రశ్న సారాంశం: అనంతపురంలోని ఒక డిగ్రీ కాలేజీ ఫిజిక్స్ విభాగం గుత్తి దగ్గర గుట్ట మీద 200 మి.మీ. ఎఫ్/4 టెలిస్కోపు, 26 మెగాపిక్సెల్ మోనో (నలుపు-తెలుపు) సీమాస్ కెమెరా పెట్టింది. ఎంచుకున్న ఆకాశ భాగాలను రోజూ రాత్రి వరుసగా తీసి, వెలుగు మారే నక్షత్రాలను, గ్రహశకలాలను వెతకాలని వాళ్ల ఆలోచన. ఏ సర్వర్ కొనాలి, ఎంత స్టోరేజీ పడుతుంది అని అడిగారు.

మేడం, సర్వర్ సంగతి తర్వాత. ముందు లెక్క చూడండి. మీ సెన్సర్ 6248 × 4176 పిక్సెళ్లు, పిక్సెల్‌కు 2 బైట్లు. అంటే ఒక్కో ఫ్రేము 52 ఎంబీ. 60 సెకన్ల ఎక్స్‌పోజర్, టెలిస్కోపు తిరగడానికి ఇంకో పది సెకన్లు వేసుకుంటే 9 గంటల రాత్రికి సుమారు 450 ఫ్రేములు, 23 జీబీ. మన వైపు వాన తక్కువే గానీ జూన్ నుంచి అక్టోబరు దాకా మబ్బు వదలదు. ఏడాదికి 150 మంచి రాత్రులు దొరికాయనుకున్నా 3.5 టీబీ, కంప్రెస్ చేస్తే 2 టీబీ చుట్టూ ఉంటుంది. చిలీలోని రూబిన్ అబ్జర్వేటరీ ఒక్క రాత్రికి 20 టీబీ తీస్తుంది. మీది ఆ స్థాయి సమస్య కాదు. డిస్కు నిండిపోవడం వల్ల చిన్న సర్వేలు ఆగిపోవు. ఏ ఫ్రేము ఎప్పుడు, ఏ ఫిల్టర్‌తో, ఏ సెట్టింగ్‌తో తీశారో రెండేళ్ల తర్వాత ఎవరూ చెప్పలేకపోవడం వల్ల ఆగిపోతాయి.

హైదరాబాద్ నిజామియా వేధశాల సంగతి ఇక్కడ గుర్తు చేయాలి. ఆస్ట్రోగ్రాఫిక్ కేటలాగ్ అనే అంతర్జాతీయ సర్వేలో డెక్లినేషన్ (ఆకాశపు అక్షాంశం) −17 నుంచి −23 డిగ్రీల పట్టీ, తర్వాత +36 నుంచి +39 పట్టీ దాని వాటాకు వచ్చాయి. ప్లేట్ల మీద కొలిచిన ఎక్స్, వై విలువలనే సంపుటాలుగా అచ్చు వేశారు. 1990లలో అమెరికా నౌకాదళ వేధశాల ఆ పాత కొలతలన్నిటినీ కొత్త రిఫరెన్స్‌తో మళ్లీ లెక్కగట్టింది. 2000లో వచ్చిన టైకో-2 కేటలాగ్‌లోని 25 లక్షల నక్షత్రాల సొంత కదలికలకు అవి ఆధారమయ్యాయి. అప్పట్లో తుది స్థానాలు మాత్రమే దాచి, మూల కొలతలు పారేసి ఉంటే ఇది కుదిరేది కాదు. మీ సర్వేకూ ఇదే వర్తిస్తుంది. రా ఫ్రేము (కెమెరా ఇచ్చినది ఇచ్చినట్టు), దాని హెడర్ (ఫైలు మొదట్లో ఉండే వివరాలు), కాలిబ్రేషన్ ఫ్రేములు (కెమెరా, టెలిస్కోపు లోపాలను తీసేయడానికి వాడేవి), ఈ మూడే ఆస్తి. మిగతావన్నీ మళ్లీ తయారు చేసుకోగలిగినవే.

మొదట తేల్చుకోవాల్సింది టైం. కంప్యూటర్ గడియారం, హెడర్, లాగ్ పుస్తకం, అన్నీ యూటీసీలోనే (ప్రపంచ ప్రామాణిక సమయం) ఉండాలి. ఐఎస్‌టీ ఎక్కడా కలవకూడదు. రాత్రికో ఫోల్డర్ పెట్టేటప్పుడు అందరూ తారీఖు పేరు పెడతారు, చిక్కు అక్కడే మొదలవుతుంది. యూటీసీ తారీఖు మనకు తెల్లవారుజామున 5:30కి మారుతుంది. రాత్రి ఫ్రేములన్నీ ఒకే తారీఖులో పడతాయి కానీ, ఆ తర్వాత తీసే ఉదయపు ఫ్లాట్లు (సమంగా వెలిగే ఆకాశాన్ని తీసే కాలిబ్రేషన్ ఫ్రేములు) మర్నాటి ఫోల్డర్‌లోకి వెళ్తాయి. ప్రోగ్రాం ఆ రాత్రికి ఫ్లాట్లు లేవనుకుని పాతవి వాడేస్తుంది, ఎర్రర్ కూడా చూపదు. జూలియన్ డే (ఖగోళ శాస్త్రంలో వాడే రోజుల వరుస సంఖ్య) వాడితే ఈ బాధ లేదు. అది 12 గంటల యూటీసీకి, అంటే మనకు సాయంత్రం 5:30కి మారుతుంది. అనంతపురంలో నవంబరు చివర్లో కూడా సూర్యాస్తమయం 5:40 దాటాకే. కాబట్టి సాయంత్రపు ఫ్లాట్లు, రాత్రి ఫ్రేములు, ఉదయపు ఫ్లాట్లు, అన్నీ ఒకే పూర్ణాంకం కింద ఉంటాయి. ఉదాహరణకు 2026 జనవరి 1 సాయంత్రం 5:30కి 2461042 మొదలవుతుంది. ఫోల్డర్ పేరు అదే. మాడిఫైడ్ జూలియన్ డే మాత్రం వాడకండి, అదీ తెల్లవారుజామున 5:30కే మారుతుంది.

గుట్ట మీద నెట్ పోతూ వస్తూ ఉంటే కంప్యూటర్ గడియారం రోజుకు సెకన్లలో జారిపోతుంది. జీపీఎస్ రిసీవర్ ఒకటి తగిలించి, దాని నుంచే టైం తీసుకోండి. మెయిన్ బెల్ట్ గ్రహశకలం నిమిషానికి అర ఆర్క్‌సెకను (డిగ్రీలో 3600వ వంతు ఒక ఆర్క్‌సెకను) కదులుతుంది కాబట్టి పది సెకన్ల తేడా దానికి కనబడదు. భూమి దగ్గరగా పోయే శకలానికి మాత్రం అదే తేడా కొలతను పనికిరాకుండా చేస్తుంది. హెడర్‌లో సమయం చెప్పే డేట్-ఆబ్స్ గడిలో మీ సాఫ్ట్‌వేర్ రాసేది ఎక్స్‌పోజర్ మొదలైన సమయమా, ముగిసిన సమయమా అన్నది మొదటి రాత్రే పరీక్షించండి. నక్షత్రాల వెలుగు గ్రాఫులకు ఎక్స్‌పోజర్ నడిమి సమయం తీసుకుని సౌరమండల భారకేంద్రానికి (కాంతి అక్కడికి చేరే సమయానికి) మార్చాలి. ఆ సవరణ ఎనిమిది నిమిషాల పైదాకా ఉంటుంది. యూటీసీకీ భూగోళ కాలమానానికీ మధ్య ఉన్న 69.184 సెకన్లను కూడా చాలామంది వదిలేస్తారు.

తర్వాత హెడర్. గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు), ఆఫ్‌సెట్ (ప్రతి పిక్సెల్‌కు కలిపే స్థిర విలువ), సెన్సర్ ఉష్ణోగ్రత, ఫిల్టర్, ఎక్స్‌పోజర్, ఆర్‌ఏ, డెక్ (ఆకాశంలో స్థానం చెప్పే రెండు కోణాలు), ఫోకసర్ స్థానం, ఇవి లేని ఫ్రేమును ఆర్కైవ్‌లోకి రానివ్వకండి. ఆఫ్‌సెట్‌ను కొన్ని సాఫ్ట్‌వేర్లు రాయవు. ఎవరో ఒకరు ఆఫ్‌సెట్ మారిస్తే డార్క్ (మూత పెట్టి తీసిన ఫ్రేము) తీసివేత మొత్తం తప్పుతుంది, చూపులకు ఫ్రేము బాగానే ఉంటుంది. ఫిల్టర్ పేర్లు ఒక్కొక్కరు ఒక్కోలా, ‘ఆర్’, ‘రెడ్’, ‘స్లోన్ ఆర్’ అని కొడతారు. టైప్ చేసే అవకాశమే ఇవ్వకుండా జాబితాలోంచి ఎంచుకునేలా పెట్టండి. ఫిట్స్ (ఖగోళ చిత్రాలు దాచే ఫైలు రకం) హెడర్‌లో ఆస్కీ (మామూలు ఇంగ్లిషు) అక్షరాలు తప్ప వేరేవి పట్టవు కాబట్టి విద్యార్థులు తెలుగులో రాసే వ్యాఖ్యలకు విడిగా లాగ్ ఫైలు ఉండాలి.

కరెంటు పోయినప్పుడు సగం రాసిన ఫైళ్లు మిగులుతాయి. ఫిట్స్ ఫైలు 2880 బైట్ల దిమ్మెలుగా ఉంటుంది. సైజు 2880తో భాగించబడకపోతే అది చెడిన ఫైలే. మీ ఫ్రేములో డేటా భాగం 18,120 దిమ్మెలు, అంటే 5,21,85,600 బైట్లు రావాలి, దానిపైన హెడర్. ఫైలును తాత్కాలిక పేరుతో రాయించి, పూర్తయ్యాకే అసలు పేరు పెట్టించండి. ఎస్‌హెచ్‌ఏ-256 చెక్‌సమ్‌ను (ఫైలు మారితే పట్టిచ్చే సంఖ్యను) గుట్ట మీది కంప్యూటర్‌లోనే, కాపీ చేయడానికి ముందే లెక్కగట్టాలి. కాలేజీకి వచ్చాక లెక్కిస్తే దారిలో చెడిన ఫైలుకే మంచిదని ముద్ర వేసినట్టవుతుంది. రెండు చోట్ల కాపీ చేరి, రెండూ చెక్‌సమ్‌తో సరిపోలాకే కెమెరా కంప్యూటర్‌లోంచి తుడవాలి. ‘మూవ్’ అనే ఆదేశాన్ని ఈ పనిలో నిషేధించండి.

కంప్రెషన్‌కు ఎఫ్‌ప్యాక్ ప్రోగ్రాంలోని రైస్ పద్ధతి చాలు. 16 బిట్ల పూర్ణాంకాల ఫ్రేముల్లో ఏమీ పోదు, హెడర్ తెరిచే ఉంటుంది, ఆస్ట్రోపై అనే పైథాన్ లైబ్రరీ నేరుగా చదువుతుంది. జీజిప్ కంటే వేగం, ఫలితమూ మెరుగు. ఒక హెచ్చరిక: కాలిబ్రేట్ చేసిన దశాంశ ఫ్రేముల మీద ఇదే ఆదేశం నడిపితే విలువలను గుండ్రం చేస్తుంది, అసలు విలువలు తిరిగి రావు. ఆ ఫ్రేములను దాచాల్సిన పనే లేదు. ఒక్కోటి 104 ఎంబీ. నెల రోజులు ఉంచి తీసేయండి, కావాలంటే మళ్లీ చేసుకోవచ్చు.

కాలిబ్రేషన్‌కు మన ఎండలు లెక్కలోకి వస్తాయి. ఈ రకం కెమెరా కూలర్ బయటి వేడి కంటే సుమారు 35 డిగ్రీలు దించగలదు. మే నెలలో రాత్రి తొమ్మిదింటికీ 32, 33 డిగ్రీలుంటే −10 మీద నిలబడదు, ఉష్ణోగ్రత ఊగుతుంది. చలికాలానికి ఒకటి, ఎండాకాలానికి ఒకటి పెట్టుకుంటే డార్కులు రెండు జతలై కలిసిపోతాయి. ఏడాదంతా +5 మీదే ఉంచండి. 60 సెకన్లలో ఆ డార్క్ కరెంటు ఆకాశపు వెలుగు ముందు లెక్కలోకి రాదు. అదే గెయిన్, అదే ఆఫ్‌సెట్, అదే 60 సెకన్లతో 50 డార్కులు మూడు నెలలకోసారి తీయండి. ఫ్లాట్లకు ఫిల్టర్‌కు 15 నుంచి 20, సగటు విలువ 25,000–30,000 మధ్య, ప్రతిదానికీ టెలిస్కోపు కొంచెం జరిపి. సీమాస్‌లో బయాస్ (అతి తక్కువ ఎక్స్‌పోజర్‌తో చీకట్లో తీసిన ఫ్రేము) కంటే ఫ్లాట్ ఎక్స్‌పోజర్‌కు సరిపోయే డార్కే నమ్మదగినది. గుత్తి వైపు గాలికి దుమ్ము ఎక్కువ, కాబట్టి ఫ్లాట్లు వారానికోసారి, పెద్ద గాలి వీచిన మర్నాడు తప్పకుండా తీయండి.

స్థానాల లెక్కకు ఆస్ట్రోమెట్రీ డాట్ నెట్‌ను (నక్షత్రాల అమరికను బట్టి ఫ్రేము స్థానం కనిపెట్టే సాఫ్ట్‌వేర్‌ను) కాలేజీ కంప్యూటర్‌లోనే పెట్టుకోండి. మీ స్కేలు పిక్సెల్‌కు 0.97 ఆర్క్‌సెకన్లు, ఫీల్డ్ 1.68 × 1.12 డిగ్రీలు. ఆ సాఫ్ట్‌వేర్ ఇండెక్స్ ఫైళ్లలో 4205 నుంచి 4209 దాకా చాలు. స్కేలు, సుమారు ఆర్‌ఏ, డెక్ ముందే ఇస్తే సెకన్లలో తేలుతుంది. ఇవ్వకపోతే మబ్బు పట్టిన ఫ్రేము దగ్గర నిమిషాల తరబడి వెతుకుతూ క్యూ మొత్తం ఆపేస్తుంది. ప్రతి ఫ్రేముకూ సమయ పరిమితి పెట్టండి. గయా ఉపగ్రహపు డీఆర్3 కేటలాగ్‌తో పోల్చేటప్పుడు దాని స్థానాలు 2016.0 నాటివని మర్చిపోవద్దు. ఏడాదికి 0.2 ఆర్క్‌సెకన్లు కదిలే నక్షత్రం 2026కి 2 ఆర్క్‌సెకన్లు జరిగిపోయి, కొత్త వస్తువులా కనిపిస్తుంది.

వెలుగు కొలతకు అట్లాస్ రెఫ్‌క్యాట్2 అనే నక్షత్రాల వెలుగుల కేటలాగ్ తీసుకోండి. పాన్-స్టార్స్ కేటలాగ్ −30 డిగ్రీల కింద లేదు, మీ అక్షాంశం నుంచి −45 దాకా బాగానే అందుతుంది. ప్రతి ఫ్రేముకూ జీరో పాయింట్ (ఫ్రేములోని కొలతను మాగ్నిట్యూడ్‌గా మార్చే సంఖ్య), దాని చెదురు, నక్షత్రాల వెడల్పు, ఆకాశపు వెలుగు, 5 సిగ్మా పరిమితి (నమ్మకంగా కనబడే అతి మసక వెలుగు), ఈ అయిదూ పట్టికలో రాయాలి. జీరో పాయింట్ మామూలు కంటే 0.3 మాగ్నిట్యూడ్ తగ్గితే పలుచటి మబ్బు అని గుర్తు పెట్టండి. పాడైన ఫ్రేము తుడవవద్దు, గుర్తు పెట్టి వదిలేయండి. ఒక్క ఫ్రేములోనే కనబడిన చుక్కను ఎప్పుడూ వార్తగా తీసుకోకండి. ఉపగ్రహం, కాస్మిక్ కిరణం, వేడి పిక్సెల్, ఏదైనా కావచ్చు. ప్రతి ఫ్రేముకూ 10–20 పిక్సెళ్లు జరుపుతూ తీస్తే వేడి పిక్సెళ్లు విడిపోతాయి. అరగంట తేడాతో రెండుసార్లు తీస్తే గ్రహశకలం 15 ఆర్క్‌సెకన్లు కదిలి తనే బయటపడుతుంది. ఫ్రేముల తీసివేత పద్ధతి (కొత్త ఫ్రేములోంచి పాతదాన్ని తీసేసి మారినవి వెతకడం) మొదటి ఏడాది జోలికి పోవద్దని నా మాట. దాంట్లో వచ్చే దొంగ సంకేతాలను విడదీయడానికే చేతులు చాలవు.

కేటలాగ్‌లో అందరూ మరిచేది, కనబడనివాటి లెక్క. ఒక నక్షత్రం ఆ రాత్రి మీ జాబితాలో లేదంటే మసకబారిందా, అటు చూడలేదా, మబ్బు అడ్డమొచ్చిందా? ఫ్రేముల పట్టికలో నాలుగు మూలల స్థానాలు, పరిమితి ఉంటే జవాబు దొరుకుతుంది. లేకపోతే ఆ సర్వేతో ‘ఫలానా రాత్రి దాకా ఇది ఇంత మసకగా ఉంది’ అని ఎవరూ అనలేరు. కొత్తగా పేలిన నక్షత్రానికి అందరూ అడిగేది ఆ మాటే.

ఫ్రేముకు 4,000 నక్షత్రాల చొప్పున రాత్రికి 18 లక్షల వరుసలు, ఏడాదికి 27 కోట్లు. ఫ్రేముల పట్టిక పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో పెట్టండి. కొలతలను మాత్రం పార్కే (పెద్ద పట్టికలు దాచే రకం) ఫైళ్లుగా, హీల్‌పిక్స్ (ఆకాశాన్ని సమాన గళ్లుగా కోసే పద్ధతి) ఎన్‌సైడ్ 32 గళ్లలో విడగొట్టండి. మొత్తం ఆకాశానికి 12,288 గళ్లు, ఒక్కోటి 3.36 చదరపు డిగ్రీలు. మీ ఫీల్డుకు సరైన కొలత. ఒక నక్షత్రం చరిత్ర కావాలంటే ఒకటి రెండు గళ్లే తెరుస్తారు. రాత్రుల వారీగా విడగొడితే ప్రతి ప్రశ్నకూ అన్ని రాత్రులూ తెరవాలి. జతకలిపేటప్పుడు ఆర్‌ఏ తేడాను నేరుగా తీసుకోకండి, 0–360 సరిహద్దులో నక్షత్రాలు రెండుగా చీలిపోతాయి. దిశా సదిశలతో (వెక్టర్లతో) లెక్కించండి.

ఇప్పుడు సర్వర్. 8 టీబీ డిస్కులు నాలుగు, జడ్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థలోని రైడ్‌జడ్-2 అమరికలో. రెండు పోయినా డేటా నిలుస్తుంది, 16 టీబీ దాకా వస్తుంది, అయిదేళ్లకు సరిపోతుంది. ఎస్‌ఎంఆర్ రకం (ట్రాకులు ఒకదాని మీద ఒకటి పడే) డిస్కులు కొనకండి, చెడిన డిస్కు మార్చినప్పుడు తిరిగి నింపడం రోజుల తరబడి సాగుతుంది. ఆన్‌లైన్ యూపీఎస్, నెలకోసారి స్క్రబ్ (డిస్కుల్లోని డేటా మొత్తం చదివి సరిచూడటం), డిస్కు వేడి 45 డిగ్రీల లోపు, ముందు జాలీకి దుమ్ము ఫిల్టర్. రైడ్‌ను బ్యాకప్ అనుకోవద్దు. ఎవరో తప్పు ఆదేశం కొడితే నాలుగు డిస్కుల్లోనూ ఒకేసారి పోతుంది. రా ఫ్రేముల మరో కాపీ విడి డిస్కుల్లో వేరే భవనంలో ఉండాలి, వీలైతే కర్నూలులోనో కడపలోనో తోటి కాలేజీలో మూడోది. 10 ఎంబీపీఎస్ అప్‌లోడ్ ఉన్నా కంప్రెస్ చేశాక రాత్రికి వచ్చే 13 జీబీ పంపడానికి మూడు గంటలే. క్లౌడ్‌ను కేటలాగ్‌లకు, కోడ్‌కు వాడుకోండి, అంతకు మించి అవసరం లేదు.

రా ఫోల్డర్ల మీద రాసే హక్కు ప్రాసెసింగ్ ప్రోగ్రాంకు కూడా ఉండకూడదు. ప్రతి కొలత వరుసలో కోడ్ వెర్షన్, వాడిన మాస్టర్ డార్క్, ఫ్లాట్ గుర్తులు ఉండాలి. కోడ్ మారిస్తే పాత రాత్రులను అక్కడక్కడా సరిచేయకండి. వానాకాలంలో మొత్తం మళ్లీ నడిపి, విడుదల 1, విడుదల 2 అని గడ్డకట్టించి పెట్టండి. సగం పాత కోడ్, సగం కొత్త కోడ్ ఉన్న కేటలాగ్‌లో నక్షత్రం వెలుగు మారిన రోజూ మీరు కోడ్ మార్చిన రోజూ ఒకటే అవుతాయి.

మీ పిల్లలు మూడేళ్లకు బయటికి వెళ్లిపోతారు. పాస్‌వర్డులు విభాగం పేరు మీద ఉండాలి, ఒక విద్యార్థి మెయిల్ మీద కాదు. ప్రతి జులైలో కొత్త బ్యాచ్‌కు ఖాళీ కంప్యూటర్, బ్యాకప్ డిస్కు, రాసిపెట్టిన సూచనలు మాత్రమే ఇచ్చి, పాత రాత్రి ఒకదాన్ని రా ఫ్రేముల నుంచి కేటలాగ్ దాకా నడిపించమనండి. వాళ్లకు వచ్చిన జీరో పాయింట్లు విడుదలలో ఉన్నవాటితో సరిపోవాలి. ఎక్కడ ఆగిపోతే సూచనల్లో ఆ చోటే దిద్దండి.