టర్బో బండికి రీమ్యాప్ చేయించే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

నీ టర్బో బండికి రీమ్యాప్ చేయిస్తానంటున్నావు, అంటే ఇంజన్‌ని నడిపే కంప్యూటర్ (ఈసీయూ)లోని ప్రోగ్రామ్‌ని, అదే మ్యాప్‌ని, పవర్ కోసం తిరగరాయించడం. చేయించు, తప్పేం లేదు. కానీ పవర్ ఎంత పెరుగుతుందన్నది తర్వాత చూద్దాం. ముందు నీ ఇంజన్ దాన్ని మోయగలదో లేదో తేల్చుకో.

కంప్రెషన్ టెస్ట్ చేయించు, ఒక్కో సిలిండర్ గాలిని ఎంత ఒత్తిడికి నొక్కగలదో అది చెబుతుంది. సిలిండర్ల మధ్య తేడా పది శాతం దాటితే రీమ్యాప్ మాట పక్కనపెట్టి ఆ సిలిండర్ సంగతి చూడాలి. తర్వాత ఇన్‌టేక్ పైపుల్లోకి పొగ పంపి లీకులు వెతకమను. టర్బో నుంచి వచ్చే గొట్టానికి ఒక్క క్లిప్పు వదులుగా ఉన్నా, అడిగిన బూస్ట్ (గాలి ఒత్తిడి) ఇవ్వడానికి టర్బో మరింత వేగంగా తిరగాలి. దాంతో గాలి వేడెక్కుతుంది. గాలి వేడెక్కితే నాక్ మొదలవుతుంది, అంటే సిలిండర్‌లో ఇంధనం-గాలి మిశ్రమం అదుపు తప్పి పేలినట్టు మండుతుంది.

స్పార్క్ ప్లగ్గులు కొత్తవి వేయించు, ఒక హీట్ రేంజ్ చల్లనివి, అంటే వేడిని త్వరగా బయటికి పంపేవి. స్పార్క్ దూకే గ్యాప్ 0.8 ఎంఎం ఉంటే 0.65 దగ్గరికి తెప్పించు. బూస్ట్ పెరిగితే సిలిండర్‌లో ఒత్తిడి పెరిగి, ఎక్కువ గ్యాప్‌ని స్పార్క్ దాటలేదు. ఫుల్ యాక్సిలరేటర్‌లో బండి తడబడుతోందంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. ఇరీడియం ప్లగ్ అయితే మధ్యలో ఉన్న సన్నటి మొన జోలికి పోకూడదు, ఇట్టే విరుగుతుంది. పక్క కొమ్మును మాత్రమే కొద్దికొద్దిగా వంచి, ఫీలర్ గేజ్‌తో చూసుకోవాలి.

ఇక అసలు విషయం, దీన్ని శ్రద్ధగా చదువు. అందరూ డైనో (బండి పవర్ కొలిచే యంత్రం) కాగితం మీద పై అంకెనే చూస్తారు. కనెక్టింగ్ రాడ్లు వంగేది మాత్రం ఎక్కువగా కింది ఆర్‌పీఎంలోనే. 1,800 దగ్గర ఫుల్ బూస్ట్ ఇస్తే పిస్టన్ నెమ్మదిగా కదులుతుంది కాబట్టి మిశ్రమం ఒత్తిడిలో ఎక్కువసేపు ఉండి, స్పార్క్ రాకముందే తనంతట తాను అంటుకోవచ్చు. డైరెక్ట్ ఇంజెక్షన్ ఇంజన్లలో ఈ ప్రమాదం మరీ ఎక్కువ, ఒక్కసారి జరిగినా పిస్టన్ పగలొచ్చు. అందుకే ట్యూనర్‌తో (మ్యాప్ రాసేవాడితో) గట్టిగా చెప్పు: టార్క్ (ఇంజన్ తిప్పే బలం) ఒక్కసారిగా లేవకూడదు, 2,800 – 3,000 దాకా నిదానంగా పెరగాలి. గేర్‌బాక్స్, క్లచ్ తట్టుకునే హద్దు దాటకూడదు. ఇంజన్ ఆయిల్ ఇలా ముందే అంటుకోవడాన్ని తగ్గించే ఏపీఐ ఎస్పీ గ్రేడ్‌ది వాడు, కంపెనీ చెప్పిన దూరంలో సగానికే మార్చేయి. నువ్వు కూడా టాప్ గేర్‌లో, తక్కువ స్పీడ్‌లో యాక్సిలరేటర్ అదిమి తొక్కే అలవాటు మానుకో.

మ్యాప్‌కి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి లాగ్ (బండి నడుస్తుండగా సెన్సర్ల రీడింగుల రికార్డు) తీయించు. అడిగిన బూస్ట్, వచ్చిన బూస్ట్. అడిగిన రైల్ ప్రెషర్ (ఇంధనం ఒత్తిడి), వచ్చిన రైల్ ప్రెషర్. ఇన్‌టేక్ గాలి వేడి, లాంబ్డా (గాలి, ఇంధనాల నిష్పత్తి), ఒక్కో సిలిండర్‌లో నాక్ వల్ల వెనక్కి తగ్గిన స్పార్క్ టైమింగ్. అప్పుడప్పుడూ ఒకటి రెండు డిగ్రీలు తగ్గితే భయం లేదు. ఒకే సిలిండర్ ప్రతిసారీ నాలుగైదు డిగ్రీలు తగ్గిస్తోందంటే మ్యాప్ ఆ ఇంధనానికి ఎక్కువైనట్టే. 98 ఆక్టేన్ పెట్రోల్‌కి (ఈ అంకె ఎక్కువైతే నాక్‌ని ఎక్కువ తట్టుకుంటుంది) రాయించిన మ్యాప్‌లో 95 పోసి నడపొద్దు. డైనో మీద మొదటి రన్‌ని నమ్మకు. వరసగా మూడోది చూడు. అప్పటికి ఇన్‌టేక్ గాలి బయటి గాలి కంటే 40 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంటే ముందు ఇంటర్‌కూలర్ (టర్బో గాలిని చల్లబరిచేది) మార్పించి, ఆ తర్వాతే పవర్ అడుగు.

నాక్ కంట్రోల్, ఎగ్జాస్ట్ మితిమీరి వేడెక్కకుండా కాపాడే రక్షణలు ఆపేస్తానన్న ట్యూనర్ దగ్గర క్షణం నిలబడకు. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించేది) తీయించకు, అది చట్టవిరుద్ధం కూడా. ఒరిజినల్ మ్యాప్ ఫైల్ కాపీ నీ దగ్గర ఉంచుకో. ఇన్సూరెన్స్ కంపెనీకి మార్పు సంగతి రాతపూర్వకంగా తెలియజేయి. వారంటీ ఉంటే దాని మీద ఆశ వదులుకో, ఈసీయూని ఎవరో తిరగరాశారని చాలా బండ్లలో తెలిసిపోతుంది.

వెయ్యి కిలోమీటర్లు తిరిగాక ప్లగ్గులు విప్పి, తెల్లటి పింగాణీ భాగాన్ని భూతద్దంతో చూడు. మిరియాల పొడి చల్లినట్టు నల్లటి చుక్కలు గానీ, మెరిసే సన్నటి వెండి చుక్కలు గానీ ఉన్నాయేమో గమనించు. ఆ వెండి చుక్కలు పిస్టన్ నుంచి కరిగి లేచిన అల్యూమినియం. రెండింట్లో ఏవి కనిపించినా బండి స్టార్ట్ చేయకుండా ట్యూనర్‌ని పిలిపించి, పాత ఫైల్ ఎక్కించు.

ఇట్లు,
మీ మామయ్య