న్యూజిలాండ్‌కు రాజ్యాంగం లేదా? ఉంటే ఎక్కడుంది?

"మా తమ్ముడు న్యూజిలాండ్‌లో లా చదవబోతున్నాడు. అక్కడ రాజ్యాంగమే లేదంటున్నారు, మరి దేశం దేని మీద నడుస్తోంది? వాడు ముందుగా ఏ చట్టాలు చూసుకోవాలి?" అని అడిగారు.

రాజ్యాంగం ఉందండీ. అంతా ఒకే పుస్తకంలో లేదు, వేర్వేరు చట్టాల్లో, ఆనవాయితీల్లో ఉంది, అంతే. అశోక్‌నగర్‌లో గ్రూప్-2 కోసం ఆర్టికల్ నంబర్లు బట్టీపట్టి, తర్వాత వెల్లింగ్టన్‌లో పబ్లిక్ లా చదివినవాణ్ణి నేను. మొదట్లో అంతా గాల్లో ఉన్నట్టు అనిపించింది.

ముందు 1986 నాటి కాన్‌స్టిట్యూషన్ యాక్ట్ చదవమనండి. పట్టుమని 30 సెక్షన్లు లేవు, ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. పార్లమెంటు గడువు మూడేళ్లు, చట్టం లేకుండా పన్ను వేయకూడదు లాంటి మూల విషయాలు అందులోనే ఉన్నాయి. ప్రధానిని ఎలా ఎంచుకోవాలో మాత్రం ఉండదు. అది ఆనవాయితీ.

ఆ చట్టం ఎందుకొచ్చిందో తెలిస్తే సగం సబ్జెక్టు వచ్చినట్టే. 1984 జూలై 14 ఎన్నికల్లో ప్రధాని రాబర్ట్ మల్డూన్ ఓడిపోయారు. అప్పటికే విదేశీ మారకం నిల్వలు అడుగంటుతున్నాయి. న్యూజిలాండ్ డాలరు విలువ 20 శాతం తగ్గించమని గెలిచిన డేవిడ్ లాంగీ కోరితే మల్డూన్ ససేమిరా అన్నారు. లాంగీ ఇంకా ప్రమాణం చేయలేదు, మల్డూన్ ఇంకా కుర్చీ దిగలేదు. దిగిపోయే ప్రభుత్వం ఇలాంటప్పుడు కొత్తవాళ్ల మాట వినాలన్నది ఎక్కడా రాసి లేదు. సొంత పార్టీ మంత్రులే ఒత్తిడి తెస్తే ఆయన దిగొచ్చారు, 18న విలువ తగ్గించారు. అందుకే 1986 చట్టం 6వ సెక్షన్‌లో ఒక వెసులుబాటు పెట్టారు: గెలుపు అధికారికంగా ప్రకటించకముందే అభ్యర్థిని మంత్రిని చేయొచ్చు. కాకపోతే 40 రోజుల్లో సభ్యుడు కాకపోతే పదవి పోతుంది.

ఇదే మల్డూన్ మీద ఇంకో కేసుంది, నాకు చాలా ఇష్టమైనది. 1975 డిసెంబరులో గెలిచీ గెలవగానే, అప్పటి పింఛను పథకానికి చందాలు ఇక కట్టక్కర్లేదని పత్రికా ప్రకటన ఇచ్చేశారు. చట్టం మాత్రం ఇంకా అమల్లోనే ఉంది. ఫిట్జెరాల్డ్ అనే ఆయన కోర్టుకెళ్లారు. పార్లమెంటు ఒప్పుకోకుండా చట్టాన్ని ఆపేయడానికి వీల్లేదని 1976లో చీఫ్ జస్టిస్ తీర్పిచ్చారు. దేని ఆధారంగా అనుకున్నారు? 1688 నాటి ఇంగ్లండు బిల్ ఆఫ్ రైట్స్! అది ఇప్పటికీ న్యూజిలాండ్ చట్టమే. ఇంగ్లండు పాత హక్కుల పత్రం మాగ్నా కార్టాలో ఒక ముక్క కూడా అంతే.

న్యూజిలాండ్ సొంత హక్కుల చట్టం, అంటే 1990 నాటి బిల్ ఆఫ్ రైట్స్ యాక్ట్ దగ్గర మనవాళ్లు తికమకపడతారు. 1967లో గోలక్‌నాథ్ కేసులో మన సుప్రీంకోర్టులో కోకా సుబ్బారావు గారి బెంచి ప్రాథమిక హక్కుల జోలికి రావొద్దని పార్లమెంటుకు గీత గీసింది కదా, న్యూజిలాండ్‌లో అలాంటిది కుదరదు. హక్కులకు విరుద్ధంగా ఉన్నా సరే, పార్లమెంటు చేసిన చట్టాన్ని కోర్టు కొట్టేయకూడదని 4వ సెక్షన్ చెబుతుంది. ఓటు వయసు 18గా ఉంచడం వివక్షేనని 2022లో అక్కడి సుప్రీంకోర్టు ప్రకటించింది. అయినా వయసు మారలేదు. నా దృష్టిలో ఇది బలహీనతే, మా ప్రొఫెసర్లు చాలామంది ఒప్పుకోరు.

మార్చడం కష్టమైనవి కొన్నే. 1993 ఎలక్టోరల్ యాక్ట్ 268వ సెక్షన్ ప్రకారం ఓటు వయసు, మూడేళ్ల గడువు, రహస్య ఓటు లాంటివి మార్చాలంటే 75 శాతం మంది సభ్యులైనా ఒప్పుకోవాలి, రెఫరెండమైనా గెలవాలి. తమాషా ఏమిటంటే ఆ 268కి మాత్రం ఆ రక్షణ లేదు. మామూలు మెజారిటీతో ఎత్తేయొచ్చు, కానీ ఎవరూ ఆ పని చేయరు. 2022లో నీటి సంస్థల బిల్లులో ఒక అంశాన్ని మార్చాలంటే 60 శాతం సభ్యులు ఒప్పుకోవాలన్న నిబంధన చొప్పిస్తే, ఒక మామూలు విధానానికి ఇంత రక్షణేమిటని గొడవై, కొద్దిరోజుల్లోనే తీసేశారు.

1840లో మావోరీ తెగల పెద్దలకు, బ్రిటిష్ రాణికి మధ్య జరిగిన వైతాంగీ ఒప్పందం వేరే కథ. మావోరీ, ఇంగ్లీషు పాఠాలు ఒకటి కావు, వివాదమంతా అక్కడే. చట్టాల్లో చేర్చినంత మేరకే కోర్టుల్లో నేరుగా పనికొస్తుందని పాత లెక్క. అసలు కాగితాలు పార్లమెంటుకు దగ్గర్లోనే, నేషనల్ లైబ్రరీలో ఉన్నాయి. మసక వెలుతురు గదిలో, ఎలుకలు కొరికిన అంచులతో సహా చూడొచ్చు. తప్పకుండా వెళ్లమనండి.

ఆనవాయితీల కోసం, ప్రభుత్వం ఎలా నడవాలో చెప్పే కేబినెట్ మాన్యువల్ చూడాలి. అది చట్టం కాదు, కానీ కొత్త కేబినెట్ మొదటి సమావేశంలోనే దాన్ని ఒప్పుకుంటుంది. ఇవన్నీ ప్రభుత్వ వెబ్‌సైట్లలో ఉచితంగా దొరుకుతాయి, ఇక్కణ్ణుంచి పుస్తకాలు మోసుకెళ్లక్కర్లేదు.