పర్యావరణం చదవడానికి అమెరికా వెళ్తున్నవాళ్లకు

సంక్రాంతికి చందానగర్‌లో అమ్మవాళ్లింటికి వచ్చాను. పక్కింటి అమ్మాయి పొద్దున్నే అమీన్‌పూర్ చెరువుకు లాక్కెళ్లింది. ఆగస్టులో ఎమ్మెస్‌కు పోతోంది, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్. బొల్లికోళ్లను చూపిస్తూనే అడిగింది: "అన్నా, అక్కడ నేషనల్ పార్కుల జాబ్ దొరుకుతదా?"

దొరకదమ్మా అనడానికి నోరు రాలేదు. కానీ చెప్పక తప్పదు. పార్క్ సర్వీస్, ఈపీఏ (అక్కడి పర్యావరణ సంస్థ) లాంటి ఫెడరల్ కొలువులకు దాదాపుగా అమెరికా పౌరసత్వం ఉండాల్సిందే. పదిహేనేళ్ల కిందట నాకీ ముక్క చెప్పినవాళ్లు లేరు. ఓపీటీ, అంటే చదువయ్యాక అక్కడే పని చేసుకోనిచ్చే గడువు, మొదలయ్యాక ఆ అప్లికేషన్లే నింపుతూ కూర్చున్నాను. పని లేకుండా ఉండనిచ్చేది మొత్తం 90 రోజులే. నాకు తెలివొచ్చేసరికి 61 అయిపోయాయి.

చివరికి పని దొరికింది ఒక పర్యావరణ కన్సల్టెన్సీలో. అక్కడి నీటి కాలుష్య చట్టం క్లీన్ వాటర్ యాక్ట్ 404వ సెక్షన్ ప్రకారం చిత్తడినేలను పూడ్చాలంటే పర్మిట్ కావాలి, పోయినదానికి బదులు ఇంకోచోట బాగుచేసి చూపించాలి. ఆ బదులు పని మీదే బోలెడు కంపెనీలు బతుకుతున్నాయి. నాకు మొదట అప్పగించింది గుంతలు తవ్వడం. మూరెడు లోతున మట్టిబెడ్డ తీసి, తడిపి, మన్సెల్ రంగుల పుస్తకంలో కంత వెనక పెట్టి పోల్చాలి. నీళ్లు నిలిచేచోట మట్టిలో ఇనుము కరిగిపోయి బూడిదరంగు తేలుతుంది. మొక్కలు, మట్టి, నీళ్లు, మూడు ఆనవాళ్లూ కుదిరితేనే దాన్ని చిత్తడినేలగా రాస్తాం. ఎమ్మెస్ చదివి పార పట్టడమేంటని నాన్న ఫోన్లో ఒకటే గోల.

మేనేజర్నయ్యాక పార పోయి ఎక్సెల్ వచ్చింది. బదులుగా బాగుచేసిన నేలలో నాటిన మొక్కల్లో ఎన్ని బతికాయో కనీసం ఐదేళ్లు లెక్క చెప్పాలి. ఒక ఏడు జింకలు మొత్తం మేసేశాయి. మళ్లీ నాటడానికి డబ్బెవరిదో కాంట్రాక్టులో ఒక్క ముక్కా లేదు. ఆరు నెలలు ఉత్తరాలు రాసుకున్నాం. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ అంటే చాలావరకు ఇదే.

ప్రాజెక్ట్ మేనేజర్లకిచ్చే పీఎంపీ సర్టిఫికెట్ తొందర వద్దు, డిగ్రీ ఉన్నా 36 నెలల అనుభవం అడుగుతారు. మ్యాపులు గీసే సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ ఉచితం, ఇక్కడే నేర్చుకుని విమానమెక్కండి. యూనివర్సిటీ పంపే ఐ-20 పత్రంలో కోర్సు కోడ్ స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఉంటే 12 నెలల ఓపీటీకి ఇంకో 24 కలుస్తాయి. కోర్సు పేరులో సైన్స్ అని ఉంది కదా అని నమ్మి కూర్చోవద్దు. యూనివర్సిటీల్లో ప్రాజెక్ట్ కోఆర్డినేటర్ ఉద్యోగాలకు జీతం తక్కువే, కానీ వాటికి హెచ్1బీ (ఉద్యోగ వీసా) లాటరీ బెడద లేదు.

ఇంటర్వ్యూలో మార్కులకంటే ముందు ఫీల్డులో ఏం చేశారని అడుగుతారు. అమీన్‌పూర్ చెరువును 2016లోనే జీవవైవిధ్య వారసత్వ ప్రదేశంగా ప్రకటించారు. ఆ అమ్మాయికి ఇంటి నుంచి పది నిమిషాలు. నోట్‌బుక్ ఇప్పించుకుని చూశాను. రెండేళ్లుగా రాసిన పక్షుల పేర్లున్నాయి, ఒక్కచోటా తేదీ లేదు, ఎన్ని కనిపించాయో లేదు.

"ఇప్పట్నుంచి రాస్త అన్నా," అంది. గట్టు మీదే ఫోన్ తీసి లెక్కపెట్టింది. ప్రయాణానికి ఇంకా 28 ఆదివారాలున్నాయట.