మొలలేలే అనుకుని ఏడు నెలలు పోగొట్టుకున్నవాడి జవాబు

నాన్నగారికి 48వ ఏట పెద్దపేగు క్యాన్సర్ వచ్చిందని, మీకిప్పుడు 38 అని, పొట్ట బాగా పెరిగిందని రాశారు. తిండి మార్చుకుంటే సరిపోతుందా, ఇన్‌ఫ్లమేషన్ అంటే ఏమిటి, పచ్చళ్ళు మానేయాలా అని అడిగారు. నేను డాక్టర్ని కాదు. పేగులో పాలిప్ (లోపలి గోడ మీద మొలిచే కండ) తీయించుకున్నవాడిని, అంతే.

అన్నిటికంటే ముందు కొలనోస్కోపీ సంగతి, అంటే సన్నటి కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష. అమ్మానాన్నల్లో ఒకరికి ఈ జబ్బు వస్తే, పిల్లలు 40వ ఏట గానీ, వాళ్ళకి బయటపడిన వయసుకు పదేళ్ళు ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు పరీక్ష మొదలుపెట్టాలంటారు. 48లోంచి పది తీసేస్తే మీకు ఇప్పుడే టైమయింది. జొన్నరొట్టెలు తర్వాత తిందురుగాని, ముందు గ్యాస్ట్రో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

నాకు 44వ ఏట విరేచనంలో రక్తం కనబడింది. మందుల షాపులో చెబితే "మొలలే సార్, వేడి చేసుంటుంది" అని ఆయింట్‌మెంట్ ఇచ్చారు. నాకూ ఆ మాటే కావాలి. మజ్జిగ, సబ్జా గింజల నీళ్ళు తాగుతూ ఏడు నెలలు గడిపేశాను. చివరికి మా బావ కొలనోస్కోపీకి దాదాపు లాక్కెళ్ళాడు. ముందురోజు సాయంత్రం నుంచి పేగు శుభ్రమవడానికి ఇచ్చే పొడి కలిపిన నీళ్ళు లీటర్ల కొద్దీ తాగడమే అసలు కష్టం, పరీక్ష కాదు. నాకు మత్తు తక్కువే ఇచ్చారు కాబట్టి స్క్రీన్ కనిపిస్తూనే ఉంది. గులాబీ రంగు గోడ మీద, వాన పడ్డాక గడ్డివాము పక్కన మొలిచే పుట్టగొడుగులా, కాడతో సహా ఉంది పాలిప్. 14 మిల్లీమీటర్లు. తీగ ఉచ్చు వేసి అక్కడికక్కడే కోసేశారు. రిపోర్టులో అడినోమా అని, అంటే ముందుముందు క్యాన్సర్‌గా మారే అవకాశమున్న పాలిప్ అని వచ్చింది. ఇంకా క్యాన్సర్ కాదు. ఇలాంటివి ముదిరి క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్ళు, అంతకంటే ఎక్కువే పడుతుందట. అన్నీ మారవు కూడా.

"సిగరెట్ లేదు, మందు లేదు, నాకెందుకు వచ్చింది?" అనడిగితే డాక్టర్ గారు టేపు తీసి నా నడుము కొలిచారు. 104 సెంటీమీటర్లు. మన దేశపు మగవాళ్ళకి 90, ఆడవాళ్ళకి 80 దాటకూడదు. దీనివల్లే వచ్చిందని తేల్చి చెప్పలేం గానీ దీని వాటా ఉండొచ్చు అన్నారు. చర్మం కింది కొవ్వు కంటే పొట్ట లోపల పేగుల చుట్టూ పేరుకునే కొవ్వు ప్రమాదం. అది ఊరికే కూర్చోదు. వాపు (మీరడిగిన ఇన్‌ఫ్లమేషన్ ఇదే) పుట్టించే రసాయనాలను రక్తంలోకి వదులుతూనే ఉంటుంది. దెబ్బ తగిలితే వచ్చే వాపు నాలుగు రోజుల్లో తగ్గిపోతుంది. ఇది నొప్పి లేకుండా, జ్వరం లేకుండా ఏళ్ళ తరబడి సన్నసెగలా సాగుతుంది. దానికి తోడు ఇన్సులిన్ పెరుగుతుంది. అది కణాలను "పెరగండి, చావకండి" అని తోస్తుంది. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా తయారవుతుంది కాబట్టి తప్పు జరిగే అవకాశం అక్కడ ఎప్పుడూ ఉంటుంది. అల్సరేటివ్ కొలైటిస్ (పెద్దపేగు లోపల పుండ్లు పడే దీర్ఘకాలపు జబ్బు) ఉన్నవాళ్ళలో ఈ వాపు నేరుగా పేగులోనే ఉంటుంది. అందుకే జబ్బు మొదలైన ఎనిమిదేళ్ళ నుంచి వాళ్ళకి క్రమం తప్పకుండా కొలనోస్కోపీ చేస్తారు.

తిండి విషయంలో నన్ను కదిలించింది 2015లో వచ్చిన ఒక చిన్న ప్రయోగం. అమెరికాలోని 20 మంది నల్లజాతీయులు, దక్షిణాఫ్రికా పల్లెల్లోని 20 మంది, రెండు వారాలు ఒకరి తిండి ఒకరు తిన్నారు. పీచు ఎక్కువ, మాంసం, కొవ్వు తక్కువ ఉన్న పల్లె తిండికి మారిన అమెరికన్ల పేగుల్లో వాపు గుర్తులు తగ్గాయి. బర్గర్ల వైపు వచ్చిన పల్లెవాళ్ళలో పెరిగాయి. రెండే వారాల్లో! పీచును పేగులోని బ్యాక్టీరియా పులియబెట్టి బ్యూటిరేట్ తయారుచేస్తుంది. పేగు గోడ కణాలకు అదే ముఖ్యమైన ఆహారం, వాపునూ అణుస్తుంది. నేను మూడుపూటలా పాలిష్ బియ్యం తినేవాణ్ణి. ఇప్పుడు రాత్రికి జొన్నరొట్టె, పప్పులో ఆకుకూర, ఒక్కోసారి ఉడికించిన అలసందలు. మొదటి పది రోజులు గ్యాస్‌తో ఇంట్లోవాళ్ళు నవ్వారు. మెల్లగా పెంచుకోండి. సంవత్సరంన్నరలో 11 కిలోలు తగ్గాను. సగం ఘనత నడకదే.

మాంసం గురించి మరీ భయపడక్కర్లేదు. సాసేజ్, సలామీ లాంటి ప్రాసెస్డ్ మాంసం క్యాన్సర్ కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థ విభాగమే 2015లో చెప్పింది. రోజూ 50 గ్రాములు తింటే రిస్క్ 18 శాతం పెరుగుతుంది. అంటే వందలో ఐదుగురికి వచ్చేచోట సుమారు ఆరుగురికి. ఆదివారం మటన్ కూర ఆ లెక్కలోకి రాదు, అది రోజువారీ అయితేనే ఆలోచించాలి.

ఆవకాయ అంటారా, ఉప్పులో ఊరేసిన తిండికి లంకె ఎక్కువగా కడుపు క్యాన్సర్‌తో, పెద్దపేగుతో కాదు. నేను మానలేదు. పచ్చడితో పాటు లాగించే ఆ రెండో వాయి అన్నం మాత్రం మానేశాను.